వ్యవసాయ విధానం, నేల సంరక్షణ, రైతుల మధ్య సమానత్వం: తరచుగా అడిగే ప్రశ్నలు

పొలంలో మట్టి కొట్టుకుపోతోందని ఒక శాఖ పథకం వేస్తుంది. రైతుకు ఆదాయం చాలడం లేదని ఇంకో శాఖ డబ్బు వేస్తుంది. ఈ రెండు ఫైళ్లూ ఎక్కడా కలవవు. కానీ సాగు చేసే మనిషి ఒక్కడే, చేలో ఉన్న మట్టీ ఒక్కటే. డబ్బు ఎవరి పేరున పడుతోంది అన్నదాన్ని బట్టి ఆ మట్టిని ఎవరు, ఎంతకాలం, ఎంత శ్రద్ధగా చూసుకుంటారన్నది చాలావరకు తేలిపోతుంది. ఈ విషయం మీద రైతులు, విద్యార్థులు, పథకాలు రాసేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలకు జవాబులు కింద ఉన్నాయి.

ప్రభుత్వ విధానం చేలోని మట్టిదాకా ఎలా వస్తుంది?

ధర ద్వారా వస్తుంది, అప్పు ద్వారా వస్తుంది, పట్టా ద్వారా వస్తుంది. ఏ పంటకు కొనుగోలు గ్యారంటీ ఉంటే రైతు ఆ పంటే వేస్తాడు. కరెంటు ఉచితమైతే మోటారు ఆపాలన్న తొందర ఉండదు. ఒక ఎరువు చవకగా దొరికితే అదే ఎక్కువ పడుతుంది. బీమా ఉంటే, పండుతుందో లేదో తెలియని వాలు భూమిని కూడా దున్నడానికి ధైర్యం వస్తుంది. వీటిలో ఏదీ నేలను పాడు చేయమని చెప్పదు. కానీ అన్నీ కలిసి రైతును ఒకే వైపుకు నెడతాయి, అటు వెళ్లనివాడు ఆ ఏడాది నష్టపోతాడు.

1970లలో అమెరికాలో జరిగింది ఇదే. విదేశాలకు ధాన్యం ఎగుమతులు పెరిగి ధరలు ఎగబాకాయి. అప్పటి వ్యవసాయ మంత్రి ఎర్ల్ బట్జ్ కంచె నుంచి కంచె దాకా ఖాళీ వదలకుండా విత్తమని రైతులకు చెప్పారు. 1930ల దుమ్ము తుఫానుల తర్వాత గాలికి అడ్డుగా నాటిన చెట్ల వరుసలను కూడా చాలాచోట్ల తీసేసి దున్నారు. భూమి కొనడానికి, యంత్రాలు కొనడానికి అప్పులు చేశారు. 1980లు వచ్చేసరికి వడ్డీలు పెరిగాయి, ధరలు పడిపోయాయి, వేల కుటుంబాలు పొలాలు పోగొట్టుకున్నాయి. మట్టీ పోయింది, మధ్యతరగతి రైతూ పోయాడు. రెండింటినీ పోగొట్టింది ఒకే విధానం.

మద్దతు ధర రైతును కాపాడుతుంది కదా, నేలకు దానివల్ల నష్టం ఎలా?

మద్దతు ధర తప్పు కాదు. ఒకటి రెండు పంటలకే నిజమైన కొనుగోలు ఉండి, మిగతా వాటికి కాగితం మీద ధర మాత్రమే ఉండటంతో చిక్కు మొదలవుతుంది. పంజాబ్ కథ తెలుసుకుంటే ఇది పూర్తిగా అర్థమవుతుంది.

దేశంలో తిండిగింజలకు కటకటగా ఉన్న రోజుల్లో, 1965లో, వ్యవసాయ ధరల కమిషన్, భారత ఆహార సంస్థ రెండూ ఏర్పడ్డాయి. గోధుమకు, వరికి గ్యారంటీ కొనుగోలు దొరికింది. దేశం ఆకలి తీరింది, అది చాలా పెద్ద సంగతి. కానీ వరి పంజాబ్ నేలకు, వానకు తగిన పంట కాదు. 1997 నుంచి పంపుసెట్లకు ఉచిత కరెంటు కూడా తోడైంది. భూగర్భ జలం ఏటా కిందికి దిగుతూ పోయింది. మండు వేసవిలో నాట్లు వేస్తే నీళ్లు ఎక్కువ ఖర్చవుతాయని 2009లో ఒక చట్టం తెచ్చి, జూన్‌లో నిర్ణయించిన తేదీకి ముందు నాట్లు వేయకూడదన్నారు. ఉద్దేశం మంచిదే. అయితే నాట్లు వెనక్కి జరిగితే కోతలూ వెనక్కి జరిగాయి. వరి కోసిన తర్వాత గోధుమ విత్తడానికి రెండు మూడు వారాలకు మించి మిగలడం లేదు. అంత తక్కువ సమయంలో చేనంతా నిలబడి ఉన్న కొయ్యకాళ్లను తీయాలంటే యంత్రమైనా ఉండాలి, కూలీలైనా దొరకాలి. రెండూ లేనివాడికి చేతిలో ఉన్నది అగ్గిపుల్ల. అక్టోబరు, నవంబరులో ఉత్తర భారతాన్ని కమ్మేసే పొగకు ఇదొక ముఖ్య కారణం.

నీళ్లు దిగిపోయినప్పుడు అందరికీ ఒకేలా దిగవు. ఉన్నవాడు బోరు ఇంకా లోతుకు దింపి, పెద్ద మోటారు పెట్టుకుంటాడు. లేనివాడు అప్పు చేస్తాడు, లేదా పక్కవాడి దగ్గర నీళ్లు కొనుక్కుంటాడు, అదీ కుదరకపోతే పొలం కౌలుకిచ్చి కూలికి వెళ్తాడు. ఉచిత కరెంటు అందరిదీ అంటారు, బోరు మాత్రం ఎవరి ఖర్చు వాళ్లదే.

ఇంతా చేసి మద్దతు ధర ఎంతమందికి చేరింది? దేశం మొత్తం మీద ప్రభుత్వ సంస్థలకు మద్దతు ధరకు అమ్ముకోగలిగినవాళ్లు రైతుల్లో 6 శాతమేనని, భారత ఆహార సంస్థ సంస్కరణల మీద కేంద్రం వేసిన శాంత కుమార్ కమిటీ 2015లో చెప్పింది.

ఎరువుల సబ్సిడీ సంగతి?

భారత్‌లో 2010లో పోషకాల ఆధారంగా సబ్సిడీ ఇచ్చే పద్ధతి వచ్చినప్పుడు యూరియాను అందులో చేర్చలేదు. భాస్వరం, పొటాష్ ధరలు పెరిగాయి, యూరియా చవకగానే ఉండిపోయింది. డబ్బులు తక్కువున్న రైతు సహజంగానే యూరియా బస్తా ఇంకొకటి వేస్తాడు. చేను వారంలో పచ్చబడుతుంది, నేలలో పోషకాల సమతుల్యత మాత్రం ఏటికేడు చెడుతుంది. భూసార పరీక్ష కార్డులు పంచి ఊరుకుంటే ఇది మారదు. కార్డు ఒక మాట చెబుతుంది, దుకాణంలో ధర ఇంకో మాట చెబుతుంది. రైతు రెండోదే వింటాడు, అందులో ఆయన తప్పేమీ లేదు.

ఎకరానికి ఇంత అని అందరికీ ఒకే రేటున ఇస్తే అది సమానమే కదా?

రేటు సమానం, అందే డబ్బు సమానం కాదు. 2 ఎకరాల రైతుకు 2 వంతులు, 50 ఎకరాల ఆసామికి 50 వంతులు వెళ్తాయి. ఆ 50 వంతుల డబ్బుతో పక్కనే అమ్మకానికి వచ్చిన 2 ఎకరాలు కొనేయడం తేలిక. యూరప్ ఉమ్మడి వ్యవసాయ విధానం 1962లో మొదలైంది. పంటకు ధర నిలబెట్టడంతో మొదలై, 1992 తర్వాత మెల్లగా విస్తీర్ణాన్ని బట్టి నేరుగా డబ్బు ఇచ్చే పద్ధతికి మారింది. అందులో దాదాపు 80 శాతం డబ్బు 20 శాతం మందికే వెళ్తోందన్నది అక్కడ ఏళ్ల తరబడి నలుగుతున్న మాట. 2023 నుంచి అమలైన కొత్త నిబంధనల్లో, చిన్న, మధ్యతరహా కమతాలకు మళ్లించడానికి నేరు చెల్లింపుల్లో కనీసం 10 శాతం పక్కన పెట్టాలని షరతు పెట్టారు. ఇది మంచి అడుగే, కానీ చిన్నది.

తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు కూడా ఎకరాల లెక్కనే ఇచ్చారు. మొదట్లో సీజన్‌కు ఎకరాకు 4,000 రూపాయలు, విస్తీర్ణానికి పైపరిమితి లేదు. కేంద్రం 2019లో తెచ్చిన పీఎం కిసాన్‌ది వేరే లెక్క. కుటుంబానికి ఏడాదికి 6,000 రూపాయలు, భూమి ఎంతున్నా అంతే. పంపకం వరకే చూస్తే రెండోది చిన్న రైతుకు మేలు. కానీ రెండింటికీ ఒక పోలిక ఉంది: సాగు ఎవరు చేసినా డబ్బు పడేది భూమి ఎవరి పేరున ఉంటే వాళ్ల ఖాతాలోనే.

ఇంకో చిక్కు చాలామందికి కనిపించదు. భూమికి అంటిపెట్టుకుని వచ్చే డబ్బు కొన్నాళ్లకు భూమి ధరలో, కౌలు రేటులో కలిసిపోతుంది. భూమి ఉన్నవాడికి ఒకసారి ఖాతాలో, ఇంకోసారి ఆస్తి విలువలో లాభం. కొత్తగా సాగులోకి రావాలనుకునే యువకుడికి మాత్రం తలుపు ఇంకాస్త మూసుకుంటుంది.

కౌలు రైతులకు సాయం ఎందుకు అందదు?

అన్ని ప్రశ్నల్లోకీ నాకు ముఖ్యమైనది ఇదే. ఎందుకంటే ఇక్కడ జరిగే అన్యాయం నేరుగా మట్టిలోకి దిగుతుంది.

ముందు పాత చరిత్ర ఒకటి. 1933లో అమెరికా ప్రభుత్వం పత్తి ధర నిలబెట్టడానికి సాగు తగ్గించమని, తగ్గించినందుకు డబ్బు ఇస్తామని చట్టం చేసింది. దక్షిణ రాష్ట్రాల్లో పత్తి పండించేది ఎక్కువగా పాలుకు సాగు చేసేవాళ్లు, కౌలుదారులు. వాళ్లలో నల్లజాతివారూ ఉన్నారు, తెల్లజాతివారూ ఉన్నారు. డబ్బు భూయజమాని చేతికి వచ్చేది, అందులో కౌలుదారు వాటా ఆయనే ఇవ్వాలి. చాలామంది ఇవ్వలేదు. పైగా సాగు తగ్గింది కాబట్టి మనుషులు అక్కర్లేదని కుటుంబాలను ఖాళీ చేయించారు. 1934లో ఆర్కాన్సా రాష్ట్రంలో రెండు జాతుల కౌలుదారులూ కలిసి దక్షిణ కౌలు రైతుల సంఘం పెట్టుకోవలసి వచ్చింది. రైతును ఆదుకోవడానికి వచ్చిన చట్టమే, భూమి లేని రైతును రోడ్డున పడేసింది.

ఇప్పటి పథకాల్లో అంత దారుణం కనిపించకపోవచ్చు, కానీ మెలిక అదే. దరఖాస్తులో మొదటి ప్రశ్న భూమి కాగితం. కౌలు నోటిమాట మీద నడుస్తుంది. కాగితం రాసిస్తే రేపు హక్కు అడుగుతాడేమోనని యజమానికి భయం. ఆంధ్రప్రదేశ్‌లో 2011లో సాగుదారులకు రుణ అర్హత కార్డుల చట్టం, 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చాయి. రెండోదానిలో 11 నెలల ఒప్పందం, యజమాని సంతకం కావాలి. భూమి మీద హక్కు రాదని చట్టంలోనే రాసినా సంతకానికి వెనకాడేవాళ్లు చాలామంది. సంతకం లేదంటే కార్డు లేదు. కార్డు లేదంటే పంట రుణం, బీమా, నష్టపరిహారం అన్నీ కష్టమే.

పశ్చిమ బెంగాల్ ఇంకో దారి పట్టింది. 1978లో మొదలైన ఆపరేషన్ బర్గాలో అధికారులే ఊళ్లకు వెళ్లి, అందరి ముందూ విచారించి పాలు రైతుల పేర్లు నమోదు చేశారు. పేరు నమోదైన రైతును ఇష్టం వచ్చినట్టు తీసేయడానికి వీల్లేదు. పెట్టుబడి తనే పెట్టుకుంటే పంటలో నాలుగింట మూడు వంతులు తనవే. 14 లక్షల మందికి పైగా నమోదయ్యారు, దిగుబడులు పెరిగాయని తర్వాతి అధ్యయనాల్లో తేలింది. సంతకం కోసం కౌలుదారు యజమాని గడపకు వెళ్లాల్సిన పని లేకుండా, ప్రభుత్వమే చేను దగ్గరికి వెళ్లడం అక్కడి తేడా.

కౌలు రైతు నేలను పట్టించుకోడని అంటారు. నిజమేనా?

ఆయన లెక్క ఏంటో దగ్గరగా చూడండి. వాలు చేనులో పెద్ద వాన పడితే నీళ్లు పైనుంచి సన్న చారలుగా దిగుతాయి. చారలు కలిసి కాలువవుతాయి. మరుసటి వానకు ఆ కాలువే ఇంకా లోతుకు కోస్తుంది. ఆపాలంటే వాలుకు అడ్డంగా గట్టు వేయాలి, గట్టు మీద గడ్డి నాటాలి. ఆ పని ఖర్చంతా ఈ ఏడాదే, ఫలితం మాత్రం మూడో ఏటి నుంచి. పశువుల ఎరువు వేసినా దాని సారం రెండు మూడు పంటలకు సరిపడా అందుతుంది. పచ్చిరొట్ట పైరు వేసి కలియదున్నాలంటే కొన్ని వారాలు చేను ఆదాయం లేకుండా వదలాలి, ఆ రోజులకూ కౌలు కట్టాలి. వచ్చే ఏడాది ఈ చేను తనకే ఇస్తారో లేదో తెలియని మనిషి ఇవన్నీ ఎందుకు చేయాలి? పైగా చేను బాగుపడితే యజమాని కౌలు పెంచుతాడు. ఇందులో అజ్ఞానం లేదు, నిర్లక్ష్యమూ లేదు. రేపటి మీద హక్కు లేదు, అంతే.

హక్కు వస్తే ఏమవుతుందో ఆఫ్రికాలో స్పష్టంగా కనిపించింది. ఇథియోపియాలో 1998లో టిగ్రే ప్రాంతంతో మొదలుపెట్టి రైతులకు తక్కువ ఖర్చుతో భూ ధృవపత్రాలు ఇచ్చారు. ఆ తర్వాత రాతి గట్లు, మెట్ల చేల మీద రైతులు పెట్టే శ్రమ పెరిగింది. రువాండాలో భూములు నమోదు చేసిన తొలి ప్రాంతాల్లో నేల సంరక్షణ పనులు దాదాపు రెట్టింపయ్యాయి. ఘనాలోని అక్వాపిమ్ ప్రాంతంలో దీనికి రెండో వైపు కనబడింది. అక్కడ సారం తిరిగి రావాలంటే చేను కొన్నేళ్లు బీడు వదలాలి. ఊళ్లో పలుకుబడి ఉన్నవాళ్లు నిశ్చింతగా వదులుతున్నారు. పలుకుబడి లేనివాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, చేను ఖాళీగా కనిపిస్తే ఎవరైనా లాగేసుకుంటారన్న భయంతో ఆపకుండా సాగు చేస్తున్నారు, దిగుబడి పోగొట్టుకుంటున్నారు.

మహిళా రైతుల పరిస్థితి వేరేగా చూడాలా?

తప్పకుండా చూడాలి. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం భారత్‌లో మహిళల పేరున నడిచే కమతాలు దాదాపు 14 శాతం. కలుపు, నాట్లు, కోతల్లో వాళ్ల శ్రమ ఎంతో చేలోకి వెళ్లి చూసిన ఎవరికైనా తెలుసు. రువాండాలో భూమి నమోదయ్యాక నేల సంరక్షణ పనులు ఎక్కువగా పెరిగింది మహిళలు నడిపే కుటుంబాల్లోనే. అంతకుముందు అభద్రత ఎక్కువగా ఉన్నదీ వాళ్లకే. అదే దేశంలో, చట్టప్రకారం పెళ్లి నమోదు కాని భార్యల హక్కులు మాత్రం నమోదులో సరిగా ఎక్కలేదు. నమోదు ఫారంలో ఒక గడి తప్పుగా ఉంటే ఎంతమంది బయట ఉండిపోతారో దీన్నిబట్టి తెలుస్తుంది.

భూమిని బీడు వదిలినందుకు, చెట్లు పెంచినందుకు ప్రభుత్వం డబ్బు ఇస్తే సరిపోదా?

చాలా మేలు చేస్తుంది, డబ్బు నిలకడగా ఉన్నంత కాలం. అమెరికా 1985 చట్టంతో మొదలైన పథకంలో, కోతకు గురయ్యే భూమిని 10 నుంచి 15 ఏళ్లు సాగు నుంచి తప్పించి గడ్డి, చెట్లు పెంచితే ఏటా అద్దె ఇస్తారు. 2007లో ఇది 3.68 కోట్ల ఎకరాలకు చేరింది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఇథనాల్ కోసం మొక్కజొన్నకు గిరాకీ పెరిగి, ధర లేచింది. ఆ గిరాకీ వెనక ఉన్నదీ ప్రభుత్వ విధానమే. ఒప్పందాలు ముగిసిన లక్షల ఎకరాల గడ్డిభూమి తిరిగి నాగలి కిందికి వచ్చింది. ఒక చేత్తో అద్దె ఇచ్చి కాపాడినదాన్ని ఇంకో చేత్తో ధర చూపించి దున్నించారు.

చైనాలో 1998 వరదల తర్వాత, 1999లో, నిటారు వాలు భూముల్లో సాగు మానిపించి చెట్లు పెంచే పథకం పెట్టారు. 25 డిగ్రీలకు మించిన వాలు మీద దున్నే రైతులకు ధాన్యం, నగదు, మొక్కలు ఇచ్చారు. ఉత్తర చైనాలో, తేలిగ్గా కొట్టుకుపోయే మెత్తటి మట్టి ఉన్న లోయెస్ పీఠభూమిలో పచ్చదనం తిరిగి వచ్చింది. కొండవాలున ఉండేవాళ్లు ఎక్కువగా పేదలే కాబట్టి డబ్బు కూడా చేరవలసిన వాళ్లకే చేరింది. అయితే చాలాచోట్ల చేరడం, మానడం రైతు ఇష్టానికి వదల్లేదు. అది మరిచిపోకూడదు.

సాయానికి షరతులు పెడితే?

షరతు పనిచేస్తుంది, దానికి పళ్లుంటే. అమెరికా 1985 చట్టం కోతకు గురయ్యే భూమిలో రక్షణ చర్యలు లేకపోతే సబ్సిడీలు రావని చెప్పింది. సాగు భూముల్లో కోత గణనీయంగా తగ్గింది. 1996లో పంట బీమా సబ్సిడీని ఆ షరతు నుంచి విడదీశారు, 2014లో మళ్లీ కలిపారు. యూరప్ 2013 సంస్కరణలో నేరు చెల్లింపుల్లో 30 శాతాన్ని పర్యావరణ షరతులకు ముడిపెట్టింది. షరతులు ఎంత వదులుగా ఉన్నాయంటే, యూరప్‌లో సాగు పద్ధతి నిజంగా మారింది 5 శాతం భూమిలోనేనని అక్కడి ఖర్చులను తనిఖీ చేసే ఆడిటర్ల కోర్టే 2017లో తేల్చింది. 2024లో ట్రాక్టర్లతో నిరసనలు వచ్చేసరికి 4 శాతం భూమి బీడు వదలాలన్న నియమాన్ని కూడా ఎత్తేశారు. ఆదాయం చాలక టెన్షన్‌లో ఉన్న రైతు మీద షరతుల బరువు పెడితే ఆ షరతు ఎక్కువకాలం నిలవదు.

సబ్సిడీలన్నీ ఎత్తేస్తే నేల బాగుపడుతుందా?

న్యూజీలాండ్ 1984లో దాదాపు అన్నీ ఎత్తేసింది. సబ్సిడీ ఉంది కాబట్టే కొండల మీద అడవి కొట్టి గొర్రెలు మేపినవాళ్లు తగ్గారు, ఆ వాలుల్లో కొంత మళ్లీ చెట్ల కిందికి వెళ్లింది. ఆ తర్వాత మార్కెట్ పాడి వైపు తిరిగింది, నదుల్లో నైట్రేట్లు పెరిగాయి. సబ్సిడీ పోయినంత మాత్రాన సంరక్షణ దానంతటది రాదు.

మార్పు ఎంత వేగంగా తెస్తారన్నదీ ముఖ్యమే. శ్రీలంక 2021లో రసాయన ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా నిషేధించింది. సేంద్రియ ఎరువు చాలినంత లేదు, నేర్పేవాళ్లు లేరు, మారడానికి గడువూ లేదు. దిగుబడులు పడిపోయాయి, అదే ఏడాది నవంబరుకల్లా వెనక్కి తగ్గారు. నష్టపోయింది రైతు, అందులోనూ నిల్వ డబ్బు లేని రైతు. సేంద్రియ సాగు మీద నమ్మకం ఉన్నవాళ్లందరికీ ఆ నిర్ణయం ఎదురుదెబ్బే.

చిన్న కమతాల్లో సంరక్షణ కుదరదా?

కుదురుతుంది, కానీ ఒంటరిగా కష్టం. పైచేను నీళ్లు కిందిచేనులోకే వస్తాయి, పైవాడు గట్టు వేయకపోతే కిందివాడి గట్టు తెగుతుంది. భారత్‌లో 86 శాతం కమతాలు 2 హెక్టార్ల లోపే, వాటి చేతిలో ఉన్న భూమి సగంకన్నా తక్కువ. అందుకే వాటర్‌షెడ్ పనులు నీటి పారుదల హద్దును బట్టి, అందరూ కలిసి చేసుకునేలా ఉండాలి. ఆ కమిటీల్లో కిందిచేను వాళ్లకు, కౌలుదారులకు కూడా చోటుండాలి.

చట్టంలో వివక్ష లేకపోయినా రైతుల మధ్య తేడా ఎలా వస్తుంది?

అమలులో వస్తుంది. 1920లో అమెరికాలో నల్లజాతి రైతులు 9 లక్షలకు పైగా ఉండేవారు, ఇప్పుడు 50 వేల లోపే. దీనికి కారణాలు చాలా ఉన్నాయి, ప్రభుత్వ రుణాల్లో చూపిన వివక్ష వాటిలో ఒకటి. విత్తే అదను దాటాక అప్పు చేతికి వస్తే అది అప్పు ఇచ్చినట్టా? ఈ వివక్ష మీద నల్లజాతి రైతులు వ్యవసాయ శాఖపై వేసిన పిగ్‌ఫర్డ్ కేసులో 1999లో ప్రభుత్వం రాజీకి వచ్చి పరిహారం ఇచ్చింది. ఇంకో సమస్య వారసత్వ భూమిది. వీలునామా లేకుండా తరాలు మారిన భూమికి స్పష్టమైన పట్టా ఉండదు, పట్టా లేకపోతే సంరక్షణ సాయానికి దరఖాస్తు చేయడానికే వీలుండేది కాదు. 2018 అమెరికా వ్యవసాయ చట్టంలో గానీ పట్టాకు బదులు వేరే రుజువులను ఒప్పుకోలేదు.

కొత్త పథకం వచ్చినప్పుడు అది మంచిదో కాదో ఎలా తెలుసుకోవాలి?

పేరు, ప్రకటన పక్కన పెట్టి దరఖాస్తు ఫారం చదవండి. అందులో మొదట అడిగేది పట్టానా, సాగు రుజువా? డబ్బు ఎకరాలకా, మనిషికా, చేసిన పనికా? పైపరిమితి ఉందా? గట్టు వేయడానికి, ఎరువు గుంట తవ్వడానికి ముందు రైతే ఖర్చు పెట్టి తర్వాత బిల్లు పెట్టుకోవాలా? అలాగైతే చేతిలో డబ్బు లేనివాడు మొదట్లోనే బయట ఉండిపోతాడు. ఒప్పందం ఎన్నేళ్లు, ఆ తర్వాత ఏమిటి? అదే భూమిలో దానికి విరుద్ధంగా ఇంకో సబ్సిడీ పనిచేస్తోందా?

చివరగా, సాయం అందకపోతే ఫిర్యాదు ఎవరికి చేయాలి, ఎన్ని రోజుల్లో జవాబు వస్తుంది అన్నది ఫారంలో ఉందా చూడండి. అమెరికా వ్యవసాయ శాఖలో ఫిర్యాదులు పరిశీలించే పౌరహక్కుల విభాగాన్ని 1980లలో మూసేశారు. అప్పటి నుంచి చూడకుండా పోగుపడిన ఫిర్యాదులే తర్వాత పిగ్‌ఫర్డ్ కేసుగా కోర్టుకు వెళ్లాయి. జవాబు వచ్చేలోపు ఫిర్యాదు చేసినవాళ్లలో చాలామంది తమ పొలాలను పోగొట్టుకున్నారు.